పండగకి ఇంటిల్లిపాదీ కూర్చుంటే ఏ సినిమా పెట్టాలి?

పోయినేడాది భోగి నాడు మా ఇంట్లో పద్నాలుగు మంది తేలారు. మాది విశాఖ ఎంవీపీ కాలనీలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు, హాల్లో ఉన్నది ఒక్కటే టీవీ. సోఫాలో నలుగురు పడతారు, మిగతావాళ్లు చాపలమీద, దివాన్ మీద, వంటింటి గుమ్మంలో. హైదరాబాద్ నుంచి బాబాయి, పిన్ని, బెంగళూరు నుంచి తమ్ముడి కుటుంబం, గాజువాక నుంచి అక్క, బావ, పిల్లలు, అనకాపల్లి నుంచి మామ్మ, ఆవిడతో పాటు ఓ సంచీడు బెల్లం. భోజనాలయ్యాక రిమోట్ నా చేతిలో పెట్టి "ఏదో ఒకటి పెట్టు" అన్నారు. పండగపూట ఎవరైనా "ఏదో ఒకటి" అంటే అస్సలు నమ్మకండి. నేను నమ్మాను. అందరూ బాగుంది బాగుంది అంటున్న ఓ కొత్త యాక్షన్ సినిమా పెట్టాను, పది నిమిషాలకే తెరమీద ఎవడిదో చెయ్యి తెగి పడింది. "ఏట్రా ఇది, పండగపూట ఈ నరుకుళ్లేటి" అంటూ మామ్మ లేచింది, ఆవిడ వెనకే పిన్ని, పిన్ని వెనకే అమ్మ. పిల్లలు ఫోన్లు తీశారు. గంట తిరిగేసరికి హాల్లో మిగిలింది నేనూ బావా, అందులో బావ గురక పెడుతున్నాడు.

ఆ దెబ్బకి సంక్రాంతి నాటికి నేనో లెక్క వేసుకున్నాను, అప్పటినుంచి దసరాకీ వేసవి సెలవులకీ కూడా అదే వాడుతున్నాను. సినిమా గొప్పదా కాదా అన్నది రెండో సంగతి. మధ్యలో లేచి వెళ్లి పొయ్యిమీద పాలు చూసుకుని, తలుపు కొట్టిన పక్కింటావిడకి అరిసెల ప్లేటు ఇచ్చి, కాసేపు కబుర్లాడి తిరిగొచ్చి కూర్చున్నా కథ అందేలా ఉందా లేదా, అదీ మొదటి సంగతి. ఈ పరీక్షలో ఎంతో మంచి సినిమాలు కూడా తప్పుతాయి. వెంకటేష్ దృశ్యం ఉంది చూడండి, 2014 నాటిది, కుటుంబం కథే, ఇంటిల్లిపాదీ చూడదగ్గదే, కానీ పది నిమిషాలు లేచివెళ్తే పక్కవాళ్లని అడగాలి, అడిగితే మా బాబాయి ఆ పది నిమిషాలతో ఆగరు, చివర ఏమవుతుందో కూడా కలిపి చెప్పేస్తారు. సస్పెన్స్ సినిమాలు రాత్రి పదిన్నర తర్వాత, పడుకునేవాళ్లు పడుకున్నాక.

ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లెవరు, అందరికంటే చిన్నవాళ్లెవరు అన్నది కూడా చూడాలి. మధ్య వయసు వాళ్లం మనం ఎలాగోలా సర్దుకుంటాం, ఆ రెండు చివర్లూ జారిపోకుండా చూసుకుంటే చాలు.

పెద్దవాళ్లున్న ఇంట్లో మొదటి తగువు మాయాబజార్, గుండమ్మ కథల మధ్యే వస్తుంది. రెండూ విజయా వారివే, రెండింట్లోనూ ఎన్టీఆర్, అక్కినేని, సావిత్రి, ఎస్వీఆర్ ఉన్నారు, అయినా రెండింటి పనీ వేరు. 1957లో కె.వి.రెడ్డి తీసిన మాయాబజార్ మూడు గంటలు దాటుతుంది. పెద్ద ఘటోత్కచుడు వచ్చేదాకా పిల్లల్ని కూర్చోబెట్టే బాధ్యత మనది, వచ్చాక మాత్రం మనం చెయ్యాల్సిందేమీ లేదు, లడ్డూలు వాటంతటవే గాల్లో లేచి ఎస్వీఆర్ నోట్లోకి వెళ్తుంటే బెంగళూరులో పుట్టిన మా తమ్ముడి కొడుకు కూడా నోరు తెరుచుకుని చూశాడు. ఘటోత్కచుడు సావిత్రి రూపంలోకి మారాక ఆవిడ నడక, ఆ మీసం తిప్పే వరస చూసి పిల్లలు కిందపడి నవ్వారు. భాష కష్టం అనుకుంటాం గానీ 'వీరతాడు' అన్న మాట వాళ్లకి అరగంటలో వచ్చేసింది. ఆ సాయంత్రం అంట్లు తోమినవాళ్లకి వీరతాడు, బాల్కనీలో బట్టలు తీసుకొచ్చినవాళ్లకి వీరతాడు, పండగ మూడు రోజులూ అదే గోల.

2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేసింది కూడా ఉంది కదా, ఏది పెట్టాలని అడుగుతారు. పదేళ్ల లోపు పిల్లలుంటే రంగులదే పెట్టండి, నలుపు తెలుపు కనబడగానే "పాతదా" అని లేచిపోయే పిల్లలు రంగుంటే కాసేపైనా కూర్చుంటారు. పెద్దవాళ్లే అయితే నలుపు తెలుపే. లాహిరి లాహిరి పాటలో మార్కస్ బార్ట్లే కెమెరా చూపించిన వెన్నెల, రంగులొచ్చాక నాకు వెన్నెలలా అనిపించలేదు. ఇంకో చిట్కా, సినిమా మొదలుపెట్టే ముందు పిల్లలకి ఓ పొడుపు వెయ్యండి, "ఇది మహాభారతం కథే, ఇందులో పాండవులు ఎన్నిసార్లు కనిపిస్తారో లెక్కపెట్టండి" అని. ఒక్కసారి కూడా కనిపించరు. ఈ సంగతి మా ఇంట్లో పెద్దవాళ్లలో సగం మందికి తెలియదు.

గుండమ్మ కథ 1962ది, ఎన్టీఆర్‌కి 100వ సినిమా, అక్కినేనికి 99వది. ఇది చూడ్డానికి కూర్చోనక్కర్లేదు, అదే దీని బలం. చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ, జంతికల పిండి కలుపుకుంటూ, ఓ చెవి అటు పడేసి చూడొచ్చు. సూర్యకాంతం నోరు తెరిస్తే చాలు మా ఇంట్లో ఆడవాళ్లకి ఎవరో ఒక చుట్టం గుర్తొస్తుంది, ఆ చుట్టం మీద ఇరవై నిమిషాలు నడుస్తుంది, ఈలోగా ఎన్టీఆర్ నిక్కరు వేసుకుని పిండి రుబ్బుతూ పాట అందుకుంటాడు, మళ్లీ అందరూ తెర వైపు తిరుగుతారు. కాబట్టి పిల్లలు ఎక్కువగా ఉంటే మాయాబజార్, వంటింట్లోనూ హాల్లోనూ ఒకేసారి సినిమా నడవాలంటే గుండమ్మ కథ. మామ్మ మాత్రం ఏటా లవకుశ అడుగుతుంది. 1963లో వచ్చిన ఆ సినిమా తెలుగులో మొట్టమొదటి పూర్తి నిడివి రంగుల చిత్రం, దాదాపు మూడున్నర గంటలు, అంజలీదేవి కష్టాలు మొదలయ్యాక ఇల్లంతా ముక్కు చీదుకోవడమే. నవమికి పెడతానని చెప్పి తప్పించుకుంటున్నాను.

నవ్వుకోవాలనుకుంటే పోటీ వేరే. ఒకవైపు జంధ్యాల తీసిన అహ నా పెళ్ళంట, 1987, ఇంకోవైపు విజయభాస్కర్ దర్శకత్వంలో త్రివిక్రమ్ మాటలు రాసిన నువ్వు నాకు నచ్చావ్, 2001. వ్యక్తిగతంగా నా ఓటు రెండోదానికే, కాలేజీ రోజుల్లో జగదాంబ సెంటర్ చుట్టూ తిరిగిన మా బ్యాచ్‌కి అందులో డైలాగులు ఎక్కాల్లా వచ్చు. చిక్కు కూడా అదే. మాకు వచ్చు కాబట్టి తెరమీదవాళ్లకంటే ముందే మేం చెప్పేస్తాం, రాని వాళ్లకి ఏదీ వినపడదు. పైగా ఆ హాస్యమంతా మాటలో ఉంటుంది, మిక్సీ తిరిగినా కుక్కర్ కూత వేసినా జోకు పోయినట్టే, తర్వాత ఎవరైనా తిరిగి చెప్పినా పేలదు.

అహ నా పెళ్ళంటలో కూడా మాటలు తక్కువేం కాదు గానీ, కోట శ్రీనివాసరావు చూరుకి కోడిని వేలాడదీసి, దాన్నే చూసుకుంటూ ఉత్త అన్నం తినే దృశ్యానికి తర్జుమా అవసరం ఏముంది? తెలుగు సరిగ్గా అందని పిల్లలుంటే, అమెరికా నుంచో ఢిల్లీ నుంచో వచ్చినవాళ్లు, సబ్‌టైటిల్స్ మీద ఆధారపడేవాళ్లు, వాళ్లకి ఇదే పెట్టాలి. ప్రాస మీద నడిచే జోకు సబ్‌టైటిల్‌లోకి వచ్చేసరికి చప్పబడిపోతుంది, పిసినారితనం ఏ భాషలోనైనా పిసినారితనమే. ఒళ్లంతా పేపర్లు చుట్టుకున్న కోటని చూసి మా అక్క కూతురు "మావయ్యా, ఈ తాత బాబాయి తాతయ్యలాగే ఉన్నారు" అంది, బాబాయి ఎదురుగానే ఉన్నారు. కోట గారు 2025 జులైలో పోయారు కాబట్టి మొన్న దసరాకి పెట్టినప్పుడు నవ్వు మధ్యలో కాసేపు ఆయన వేషాల గురించి మాట్లాడుకున్నాం, నాన్న ఒక్కో పాత్రా చేసి చూపించారు.

ఇక సంక్రాంతి అనగానే అందరూ చెప్పే రెండు ఇంటి సినిమాలు, సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు, శతమానం భవతి. రెండూ జనవరిలోనే వచ్చాయి, మొదటిది 2013లో, రెండోది 2017లో, రెండింట్లోనూ ప్రకాష్ రాజ్, జయసుధ ఉన్నారు, రెండింట్లోనూ పల్లెటూరు, పెద్ద ఇల్లు, బోలెడంత బంధుజనం. పైకి ఒకటే సినిమాలా ఉన్నా, ఇంట్లో మనుషుల్ని బట్టి వీటి మధ్య ఎంచుకోవడంలో చాలా జాగ్రత్త కావాలి, ఎందుకో చెప్తాను.

శతమానం భవతిలో పిల్లలు విదేశాల్లో ఉంటారు, అమ్మానాన్నా ఊళ్లో ఎదురుచూస్తుంటారు, ఆ తండ్రి ఓ ఎత్తు వేసి పండగకి వాళ్లని రప్పిస్తాడు. సంపూర్ణ వినోదాన్నిచ్చిన ప్రజాదరణ చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. శుభ్రమైన సినిమా, ఎక్కడా ఇబ్బంది లేదు. కానీ మా పిన్ని కొడుకు డాలస్‌లో ఉంటాడు, నాలుగు సంక్రాంతులైంది వచ్చి. సినిమా సగం అయ్యేసరికి పిన్ని మంచినీళ్లకని లేచింది, ఎంతకీ రాలేదు. వెళ్లి చూస్తే బాల్కనీలో ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది, అక్కడ తెల్లవారలేదు, వాడు ఎత్తలేదు. బాబాయి రిమోట్ తీసుకుని సౌండు తగ్గించారు గానీ ఆపమనలేదు. ఆ తర్వాత సినిమా అయిందనిపించాం.

అంటే పెట్టకూడదని కాదు, పిల్లలంతా వచ్చిన ఇంట్లో దాన్ని మించింది లేదు. ఒక్కరు రాకపోయినా సీతమ్మ వాకిట్లో పెట్టండి. అందులో బాధ వేరే రకం, పెద్దోడికి ఉద్యోగం నిలవదు, చిన్నోడికి మాట నిలవదు, అన్నదమ్ములిద్దరికీ అలకలు, సినిమా మొత్తం మీద వాళ్ల అసలు పేర్లే చెప్పరు. మా ఇంట్లో కూడా నన్నూ తమ్ముడినీ అలాగే పిలుస్తారు కాబట్టి ఎవరు ఎవర్ని ఏమన్నా మా మీదకే వస్తుంది. దాని లోపం, కథ నెమ్మది. రెండో సగంలో బావ మళ్లీ నిద్రపోయాడు. బావ నిద్రపోవడాన్ని సినిమా లోపంగా లెక్కెయ్యాలా అంటే, నేను వెయ్యడం మానేశాను.

మూడు తరాలు ఉన్న ఇంట్లో 'మనం' సినిమా కూడా బాగా ఆడుతుంది, అక్కినేని ఆఖరి సినిమా అని చెబితే మామ్మ కదలదు. ఓ బేబీ అయితే మామ్మకి తెగ నచ్చింది. ముసలావిడ ఫొటో స్టూడియోకి వెళ్లొచ్చి పడుచుపిల్ల అయిపోయే కథ, అయ్యాక "ఆ స్టూడియో మన పూర్ణా మార్కెట్ దగ్గరేమైనా ఉందేట్రా" అని అడిగింది.

పిల్లల కోసమే పెట్టాల్సి వస్తే మీ పిల్లల వయసు ముందు చెప్పండి. ఐదారేళ్ల వాళ్లకి రాజమౌళి ఈగ, 2012. కూతురికి తండ్రి చెప్పే కథలా మొదలవుతుంది కాబట్టి పిల్లలు వెంటనే అతుక్కుంటారు, ఈగ మాట్లాడదు కాబట్టి ఏ భాషవాళ్లకైనా సరిపోతుంది. మొదట్లో సుదీప్ చూపులు, వేషాలు కాస్త ఇబ్బందే గానీ పిల్లలకి అవి పట్టవు. సినిమా చూశాక మాత్రం ఓ వారం ఇంట్లో ఈగని కొట్టనివ్వరు, దోమల బ్యాట్ దాచేస్తారు. ఎనిమిది దాటినవాళ్లకి హను-మాన్, 2024 సంక్రాంతి సినిమా. అందులో కోతికి రవితేజ గొంతు ఇచ్చాడని ముందే చెప్పకండి, వాళ్లే పట్టుకుంటారు. కొట్లాటలు కాస్త ఎక్కువే, అయినా మా తమ్ముడి కొడుక్కి ఏం కాలేదు, బెడ్‌షీట్ మెడకి కట్టుకుని దివాన్ మీంచి దూకాడంతే.

2025లో వచ్చిన మహావతార్ నరసింహ యానిమేషన్ సినిమాకి మన విశాఖలో ఓ సౌకర్యం ఉంది. అందులో వరాహావతారం, నరసింహావతారం రెండూ వస్తాయి, మన సింహాచలం అప్పన్న ఆ రెండూ కలిసిన వరాహ లక్ష్మీనరసింహుడు. పొద్దున్న కొండకి తీసుకెళ్లి, మధ్యాహ్నం సినిమా చూపిస్తే, ఏడాదిలో ఒక్కరోజు తప్ప చందనం కప్పి ఉండే స్వామి లోపల ఎలా ఉంటాడో అన్న ప్రశ్నకి పిల్లల బుర్రలో ఓ బొమ్మ పడుతుంది. చివరి ఘట్టం మాత్రం ఉగ్రంగా ఉంటుంది, మరీ చిన్నవాళ్లని ఒళ్లో కూర్చోబెట్టుకోండి.

ఇవేవీ కాదు, నాన్నలూ పిల్లలూ ఒకేసారి కేరింతలు కొట్టాలంటే జగదేకవీరుడు అతిలోకసుందరి. 1990 మే 9న విడుదలైంది, సరిగ్గా అప్పుడే కోస్తాని తుఫాను ముంచెత్తింది. వాన నీళ్లలో నడుచుకుంటూ వెళ్లి సినిమా చూశానని మా నాన్న ఏటా చెబుతారు, ఏటా నీళ్లు ఓ అంగుళం పెరుగుతాయి, ప్రస్తుతం నడుందాకా వచ్చాయి. ఉంగరం, దేవకన్య, నలుగురు అనాథ పిల్లలు, అమ్రిష్ పురి మాంత్రికుడు, ఇళయరాజా పాటలు. పైన చెప్పిన నా పరీక్షలో దీనికి నూటికి నూరు, ఎక్కడ లేచినా ఎక్కడ కూర్చున్నా అర్థమవుతుంది. బాహుబలి రెండు భాగాలూ కలిపి కుదించిన బాహుబలి ది ఎపిక్ కూడా పిల్లలు అడుగుతున్నారు. 3 గంటల 45 నిమిషాలు మరి. మధ్యలో టీ, పకోడీ విరామం ముందే ప్రకటించి పెట్టండి.

సినిమా హాల్‌కి వెళ్దామా, ఇంట్లో చూద్దామా అన్నది ఇంకో పెద్ద తగువు. 'సంక్రాంతికి వస్తున్నాం' సినిమా విషయంలో మేం రెండూ చేశాం, కాబట్టి అనుభవంతో చెప్తున్నాను. 2025 జనవరి 14న వచ్చిన సినిమా, మార్చి 1న టీవీలోనూ ఓటీటీలోనూ ఒకే రోజు వచ్చేసింది. హాల్లో అందులోని పిల్లాడు బుల్లిరాజు బూతులు మొదలెట్టగానే ఆరొందల మంది ఒకేసారి నవ్వుతుంటే పక్కన మామ్మ ఉందన్న బెరుకు ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది. అదే సీన్ ఇంట్లో చూస్తే ఎవరి మొహం ఎవరూ చూసుకోలేదు, పైగా మా మేనల్లుడు ఆ మాటల్ని శ్రద్ధగా వల్లె వేశాడు. ఓటీటీలు చూసి పిల్లాడు చెడిపోయాడన్నదే ఆ పాత్ర చెప్పే సంగతి, మనవాడు దాన్ని ఓటీటీలో చూసి నేర్చుకున్నాడు. కాబట్టి గోలగా నవ్వే సినిమాలు హాల్లోనే, మెల్లగా నడిచేవి ఇంట్లోనే.

కానీ పండగ రోజున పద్నాలుగు మందిని హాల్‌కి తోలుకెళ్లడం మాత్రం మాటలు కాదు. పెద్ద సినిమాలకి మొదటి రోజుల్లో ప్రభుత్వ అనుమతితో టికెట్ రేట్లు పెరుగుతాయి, ఒకే వరసలో సీట్లు దొరకవు, జగదాంబ దగ్గర బండి పెట్టుకోవడానికి చోటు దొరికేసరికి పేర్లు పడిపోతాయి. మేం వెళ్లిన హాల్లో ఏసీ పనిచెయ్యలేదు, పేరు చెప్పను, అడిగితే "పనిచేస్తోందండీ, జనం ఎక్కువ" అన్నారు. అంతకుముందు ఇంకో చోట ఏసీ మరీ ఎక్కువై మామ్మకి మూడు రోజులు దగ్గు. శాలువా తప్పనిసరి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే పాత హాళ్ల బాల్కనీ మెట్ల సంగతి ముందు ఆలోచించండి, లిఫ్టు ఉన్న మల్టీప్లెక్సే నయం. బీచ్ రోడ్డు వైపు హాల్ అయితే మ్యాట్నీకి వెళ్లి, బయటికొచ్చి ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తిని, చీకటి పడేసరికి ఇంటికి రావచ్చు. పిల్లలకి ఆ రెండోదే ఎక్కువ గుర్తుంటుంది. మా పద్ధతి ఇది, భోగి రాత్రి కుర్రాళ్లు సెకండ్ షోకి వెళ్లి చూసొచ్చి సినిమా ఎలా ఉందో చెబుతారు, పనికొస్తుందంటే ముక్కనుమ నాడు మిగతా ఇల్లు వెళ్తుంది.

ముందే ఎవరూ చూడకపోతే సెన్సార్ సర్టిఫికెట్ చూడండి. యూఏ అని ఒక్కటే ఉండేదాన్ని 2024లో 7, 13, 16 ఏళ్ల పైబడినవాళ్లకని మూడుగా విడగొట్టారు. యూఏ 16 ప్లస్ అని ఉంటే మామ్మ లేచిపోతుందని లెక్క.

మన ఊరి సినిమాలు పెట్టండి, బయటినుంచి వచ్చినవాళ్లకి చూపిద్దాం అని తమ్ముడు ఏటా అంటాడు. మంచి ఆలోచనే, చూసి ఎంచుకోవాలి. కేరాఫ్ కంచరపాలెం 2018లో వచ్చింది, వెంకటేష్ మహా తీశాడు, నటులు చాలామంది ఆ పేట జనమే. మన వీధి, మన యాస, మన వినాయకుడి మండపం అచ్చం ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంటే బెంగళూరు నుంచి వచ్చిన మరదలు కూడా "ఇక్కడికి రేపు తీసుకెళ్తారా బావగారూ" అంది. నా దృష్టిలో విశాఖ మీద ఇంతకన్నా నిజమైన సినిమా రాలేదు. కానీ బ్రాందీ షాపులో పనిచేసే గడ్డం, సలీమాల కథ దగ్గర చిన్నపిల్లలు అడిగే ప్రశ్నలకి మీ దగ్గర జవాబు ఉండాలి. పిల్లలు పడుకున్నాక, రాత్రి తొమ్మిదిన్నరకి, పెద్దవాళ్లు మాత్రమే, అప్పుడు పెట్టండి. చివర్లో నాలుగు కథలూ ఎక్కడ కలుస్తాయో చూసినవాళ్లు నోరు మూసుకుని కూర్చోవాలి, బాబాయి దగ్గర ముందే మాట తీసుకోండి.

పిల్లలతో కలిసి మన ఊరు చూడాలంటే చంటబ్బాయ్. జంధ్యాల 1986లో చిరంజీవితో ఇక్కడే తీశారు, డిటెక్టివ్ వేషంలో చిరంజీవి పడే పాట్లు, మధ్యలో చాప్లిన్ వేషం కూడా. అప్పటి ఖాళీ రోడ్లు చూసి నాన్న, బాబాయి "ఇది ఫలానా చోటు", "కాదు" అని కొట్టుకుంటారు, అది రెండో సినిమా. మరోచరిత్ర కూడా ఇక్కడా భీమిలిలోనూ తీసిందే, బాలచందర్, 1978. గొప్ప సినిమా, దాని ముగింపు తెలిసి కూడా పండగ రోజు పెట్టే ధైర్యం నాకు లేదు.

ఇంక మల్లీశ్వరి. "మల్లీశ్వరి పెట్టు" అని ఎవరైనా అంటే ముందు వాళ్ల వయసు చూడండి. నాన్నకి, మామ్మకి మల్లీశ్వరి అంటే బి.ఎన్.రెడ్డి తీసిన 1951 సినిమా, భానుమతి, రాయలవారు, మెల్లగా సాగే పాటలు. నాకూ అక్కకీ మల్లీశ్వరి అంటే 2004లో వెంకటేష్, విశాఖలో బ్యాంకు ఉద్యోగం చేసుకునే పెళ్లికాని ప్రసాద్. ఫోన్లో వెతికితే రెండూ పక్కపక్కనే వస్తాయి. పోయిన వేసవిలో నేను కొత్తది నొక్కితే మామ్మ అరగంట చూసి "భానుమతి ఇంకా రాలేదేట్రా" అంది.

పండగ రోజున వద్దనేవి కూడా రెండు చెప్తాను, రెండూ నాకు ఇష్టమైనవే. ఒకటి బలగం, 2023. చావు ఇంట్లో నడిచే కథ, పిండం ముట్టని కాకి, మూలుగ ఎముక దగ్గర మొదలైన బావాబామ్మర్దుల పంతం. కనుమ నాడు మాంసం వండుకుని తింటూ ఆ సినిమా చూస్తే మన ఇంట్లో పాత లెక్కలు ఎక్కడ బయటికొస్తాయో చెప్పలేం. సెలవులు అయ్యాక, ఇద్దరు ముగ్గురే ఉన్నప్పుడు చూడండి. రెండోది మహానటి, సగం దాకా మాయాబజార్ చూసినంత సంతోషంగా ఉండి తర్వాత గుండె పిండేస్తుంది. మాయాబజార్ చూసిన మర్నాడే అది పెట్టే పొరపాటు చేశాను, మామ్మ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

పెట్టే ముందు చేసుకోవాల్సిన చిన్న పనులు. ఏ సినిమా ఏ యాప్‌లో ఉందో మారిపోతుంటుంది, ముందురోజు రాత్రే చూసిపెట్టుకోండి, అందరూ కూర్చున్నాక పాస్‌వర్డ్ కోసం అన్నయ్యకి ఫోన్ చెయ్యడం లాంటిది ఇంకోటి ఉండదు. పాతవి చాలావరకు యూట్యూబులో పూర్తిగా దొరుకుతాయి, ఒకే సినిమా నాలుగైదు చోట్ల ఉంటే బొమ్మ, శబ్దం ఏది బాగుందో ఐదు నిమిషాలు చూసి ఎంచండి. పాత సినిమాలకి సౌండు పెంచాలి, కొత్తవాటికి పాట రాగానే తగ్గించాలి, రిమోట్ ఓపికున్నవాళ్లకి ఇవ్వండి. ప్రకటనలు వస్తున్నాయని విసుక్కోకండి, పద్నాలుగు మందికి ఒకటే బాత్రూం ఉన్న ఇంట్లో అవి అక్కరకొస్తాయి.

కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ఎవరూ ఊరెళ్లరు, సినిమాలకి అసలైన రోజు అదే. ఈసారి మా కనుమ జాబితా ఇలా ఉంది. పొద్దున్న గారెలు వేగుతున్నంతసేపూ గుండమ్మ కథ, వండేవాళ్లు వండుకుంటూ చూస్తారు. భోజనాలయ్యాక పిల్లలకి జగదేకవీరుడు, నాన్న తుఫాను కథతో కలిపి. సాయంత్రం కాసేపు బీచ్, వచ్చాక అహ నా పెళ్ళంట. రాత్రి పెద్దవాళ్లకి కంచరపాలెం. బావకి ఏది పెట్టినా ఒకటే. పిన్ని కొడుకు ఈసారి వస్తానని టికెట్ పంపాడు, వాడు నిజంగా దిగితే సాయంత్రం సినిమా మార్చి శతమానం భవతి పెడతాను. మామ్మ నిన్న ఫోన్ చేసి అరిసెలకి బెల్లం ఎంత తేవాలో అడిగి, పెట్టేసే ముందు "ఈ యేడైనా లవకుశ వేస్తావా" అంది.